కింద సగం మెయిళ్లు, మేడ మీద సగం

ఈసారి మీ ఉత్తరాల సంచిలో ఈమెయిల్ ప్రశ్నలే ఎక్కువ. తెనాలిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన పదకొండేళ్లలో నేను చేసిన పనల్లా జనానికి మెయిల్ ఐడీలు తెరిచివ్వడం, పాస్‌వర్డ్ మర్చిపోయి వస్తే ఇంకోటి తెరిచివ్వడం. అప్పుడు వీధి మొత్తానికీ నా దగ్గర ఆరు సిస్టమ్స్. ఇప్పుడు ఒక్కో ఇంట్లోనే మూడు. గొడవలూ అందుకు తగ్గట్టే ఉన్నాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది తాడేపల్లిగూడెం. మా వారు జీఎస్‌టీ రిటర్నులు వేస్తారు, నేను లెక్కలు చూస్తాను. ఇద్దరికీ కలిపి ఒకటే జీమెయిల్ ఐడీ. కింద ముందు గదిలో డెస్క్‌టాప్, మేడ మీద ల్యాప్‌టాప్. రెండింట్లోనూ మెయిళ్లు చూడ్డానికి థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాం. డెస్క్‌టాప్‌లో ‘బ్యాంకు’, ‘జీఎస్‌టీ’, ‘మిల్లులు’, ‘కరెంటు బిల్లులు’, ‘పాప కాలేజీ’ అంటూ పద్నాలుగు ఫోల్డర్లు చేసి, ఏ మెయిల్ ఎందులోకి పోవాలో రూల్స్ పెట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లో ఒక్క ఫోల్డరూ లేదు. పైగా కొన్ని మెయిళ్లు కింద మాత్రమే కనిపిస్తాయి, కొన్ని పైన మాత్రమే. మా మరిది చెప్పాడని థండర్‌బర్డ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ల్యాప్‌టాప్‌లో వేశాం. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మళ్లీ కాపీ చేసేసరికి మా వారు పైన విడిగా సర్దుకున్నవన్నీ పోయాయి. ఇంట్లో మాటల్లేవు. ఫోల్డర్లూ రూల్సూ రెండు సిస్టమ్స్‌లో ఒకేలా ఉండే దారి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మాటలు కలపండి. ఆ మెయిళ్లు ఎక్కడికీ పోలేదనే నా అనుమానం. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క ‘కొన్ని కింద మాత్రమే, కొన్ని పైన మాత్రమే’ అన్నది. డాక్టరుకి దగ్గు వింటే తెలిసినట్టు, ఆ ముక్క వినగానే మీరు పాప్ మీద, అంటే మెయిళ్లను సిస్టమ్‌లోకి దించుకునే పాత పద్ధతి మీద ఉన్నారని తెలిసిపోతుంది. అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి ‘సెట్టింగ్స్’, అందులో ‘సర్వర్ సెట్టింగ్స్’ చూడండి. ‘పాప్ మెయిల్ సర్వర్’ అనీ, పక్కన 995 అనే పోర్టు నంబరూ ఉంటాయి. జీమెయిల్ పాప్‌లో ఒక తిక్క ఉంది. ఒకసారి ఒక సిస్టమ్‌కి ఇచ్చిన మెయిల్‌ను ఇంకో సిస్టమ్ వచ్చి అడిగితే మామూలుగా మళ్లీ ఇవ్వదు. పొద్దున్నే గుమ్మంలో పాల ప్యాకెట్ ఎవరు ముందు తలుపు తీస్తే వాళ్ల చేతికొచ్చినట్టు, ముందు థండర్‌బర్డ్ తెరిచినవాళ్లకే ఆ మెయిల్. యూజర్ నేమ్‌కి ముందు ‘రీసెంట్’ అనీ, ఒక కోలన్ గుర్తూ చేరిస్తే గత 30 రోజుల మెయిళ్లు ఇద్దరికీ ఇస్తుంది. ఆ చిట్కా చెప్పేవాళ్లు మీకు తగులుతారు. దాంతో మెయిళ్లొస్తాయి గానీ ఫోల్డర్లు రావు. పట్టించుకోకండి.

అసలు సంగతి ఇదీ. మెయిల్ వచ్చి పడేది గూగుల్ వాళ్ల సర్వర్‌లో. పాప్ పద్ధతిలో అది మీ సిస్టమ్‌లోకి దిగుతుంది, అక్కడితో సర్వర్‌తో సంబంధం తెగుతుంది. తర్వాత మీరు దాన్ని ‘బ్యాంకు’లో వేశారో ‘మిల్లులు’లో వేశారో సర్వర్‌కి తెలీదు. సర్వర్‌కే తెలీనిది మేడ మీది ల్యాప్‌టాప్‌కి ఎవరు చెబుతారు? ఐమ్యాప్ పద్ధతిలో అసలు మెయిలూ ఫోల్డర్లూ సర్వర్ దగ్గరే ఉంటాయి. డెస్క్‌టాపూ ల్యాప్‌టాపూ ఫోనూ అన్నీ వెళ్లి అక్కడే చూస్తాయి. కింద మీరొక మెయిల్ జరిపితే పైన మీ వారికి జరిగిన చోటే కనిపిస్తుంది.

నేనూ ఒకప్పుడు పాప్ మీదే ఉన్నాను. 2006 మాట. నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన మెయిల్ పెట్టె అగ్గిపెట్టెంత ఉండేది. నాలుగు ఫొటోలొస్తే నిండిపోయేది. దించుకోవడం, సర్వర్‌లోంచి తీసేయడం, అదే పని. అలా రెండేళ్ల మెయిళ్లు కౌంటర్ మీది సిస్టమ్‌లోకి దించాను. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక హార్డ్‌డిస్క్ టక్కు టక్కుమంది. గుంటూరు తీసుకెళ్లాను, విజయవాడ తీసుకెళ్లాను. మా అక్క మస్కట్ నుంచి వారం వారం రాసినవన్నీ అందులోనే ఉన్నాయి. అక్క ఇప్పుడు లేదు. ఆ డిస్క్ మాత్రం నా బీరువాలో ఉంది, పారేయబుద్ధి కాదు. ఐమ్యాప్ అప్పటికే పాత సరుకు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన మొదలుపెట్టాడు. జీమెయిల్‌లోకి వచ్చింది 2007 అక్టోబరులో. నాకు ఏడాదిన్నర ఆలస్యమైంది.

ఇక మీ పనికొద్దాం. 20వ తారీఖు దగ్గర పడ్డాక మాత్రం మొదలుపెట్టకండి. 3బీ అనే జీఎస్‌టీ రిటర్ను వేసే టెన్షన్‌లో ఇలాంటివి చేస్తే చెయ్యి జారుతుంది.

థండర్‌బర్డ్ జోలికి పోకుండా ముందు బ్రౌజర్‌లో జీమెయిల్ తెరవండి. ఎడమ పక్క ‘మోర్’ నొక్కితే ‘ఆల్ మెయిల్’ వస్తుంది. మీ వారి మెయిళ్లు అందులో వెతకండి. పాప్‌లో మెయిల్ తీసుకెళ్లాక సర్వర్‌లోని కాపీని ఏం చేయాలన్నది జీమెయిల్ తన సెట్టింగ్ ప్రకారమే చేస్తుంది. థండర్‌బర్డ్‌లో ‘లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్’ టిక్ పెట్టారా తీశారా అన్నది దానికి లెక్కలేదు. ‘ఫార్వర్డింగ్ అండ్ పాప్ ఐమ్యాప్’ అనే పేజీలో చూడండి. అక్కడ ‘కీప్’ అని ఉన్నా ‘ఆర్కైవ్’ అని ఉన్నా మెయిళ్లన్నీ భద్రం. ‘డిలీట్’ అని ఉంటే వెంటనే ట్రాష్ చూడండి, అందులో 30 రోజులే ఉంచుతుంది. చాలామందికి మొదటి రెండింట్లో ఒకటే ఉంటుంది. అందుకే మాటలు కలపమన్నాను.

తర్వాత రెండు సిస్టమ్స్‌లోనూ థండర్‌బర్డ్ తన మెయిళ్లూ సెట్టింగ్సూ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌ను విడివిడిగా, వేర్వేరు పేర్లతో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీసి పక్కన పెట్టండి. ‘హెల్ప్’లో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. కాపీ తీసేటప్పుడు థండర్‌బర్డ్ మూసి ఉండాలి. మీ మరిది చెప్పిన పెన్‌డ్రైవ్ వైద్యం కొత్త సిస్టమ్ కొన్నప్పుడు ఒక్కసారి చేసుకోవడానికి బాగుంటుంది. రోజూ చేస్తే ఒకరి పని మీద ఇంకొకరి పని పడి చెరిగిపోతుంది. మీ ఇంట్లో జరిగింది అదే. మీ వారి తప్పు లేదు, మీదీ లేదు.

పాప్ అకౌంట్‌ను అలాగే ఐమ్యాప్‌గా మార్చే బటన్ థండర్‌బర్డ్‌లో లేదు. అదే ఐడీతో కొత్త అకౌంట్ చేర్చి, అడిగినప్పుడు ఐమ్యాప్ ఎంచుకోండి. గూగుల్ లాగిన్ విండో దానంతటదే వస్తుంది. ఆపైన జీమెయిల్‌లో ‘డిజేబుల్ పాప్’ పెట్టేయండి, లేకపోతే పాత అకౌంట్ వెనకనుంచి ఇంకా లాక్కుంటూనే ఉంటుంది. పాత అకౌంట్‌ను మాత్రం ఒక నెల ఉంచండి. ‘ఆల్ మెయిల్’లో దొరకని మెయిల్ ఏదైనా పాత ఫోల్డర్లో ఉంటే దాన్ని పట్టుకుని కొత్త అకౌంట్‌లోని ఫోల్డర్లోకి కాపీ చేయండి. ‘మూవ్’ వద్దు, ‘కాపీ’నే. వందా రెండొందల చొప్పున చేయండి. వేలకు వేలు ఒకేసారి తోస్తే గూగుల్ కాసేపు తలుపేసుకుంటుంది.

రూల్స్ దగ్గర కాస్త కూర్చోవాలి. థండర్‌బర్డ్‌లో మీరు రెండు ఆదివారాలు పెట్టిన రూల్స్ అన్నీ ఆ ప్రొఫైల్ లోపల, ఆ అకౌంట్ ఫోల్డర్లో ఒకే ఒక చిన్న ఫైల్లో ఉంటాయి. ‘ఎంఎస్‌జీ ఫిల్టర్ రూల్స్’ అని దాని పేరు. దాన్ని ఎత్తి ల్యాప్‌టాప్‌లో వేసేవాళ్లున్నారు, నేనూ వేశాను. ఫోల్డర్ దారి కొంచెం తేడా వచ్చినా రూల్ గమ్యం దొరక్క ఆగిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ రూల్స్ థండర్‌బర్డ్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తాయి. మీరు భీమవరం పెళ్లికెళ్తే సర్దేవాళ్లుండరు, ఫోన్‌లో అంతా ఇన్‌బాక్స్‌లోనే కుప్పపడి ఉంటుంది. అందుకే రూల్స్‌ను జీమెయిల్‌కే అప్పజెప్పాలి. మెయిల్ వచ్చి పడిన చోటే సర్దడం అయిపోతే మీ సిస్టమ్స్ ఆన్‌లో ఉన్నా లేకపోయినా ఒకటే.

‘మిల్లులు’ ఫిల్టర్ నేనైతే ఎలా పెడతానో చూడండి. జీమెయిల్ పైన వెతికే పెట్టె చివర అడ్డగీతల బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే ఫారం తెరుచుకుంటుంది. ‘ఫ్రమ్’ గడిలో మొదటి మిల్లు ఐడీ రాసి, మధ్యలో ఇంగ్లీషు పెద్దక్షరాలతో OR (‘లేదా’ అని) రాసి, రెండో మిల్లు ఐడీ రాస్తాను. ఎన్ని మిల్లులున్నా అలా ఒకే వరసలో గుచ్చవచ్చు, మిల్లుకో ఫిల్టర్ అక్కర్లేదు. ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కాక ‘అప్లై ద లేబుల్’లో ‘మిల్లులు’ ఎంచి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ కూడా టిక్ పెడతాను. అడుగున ‘ఆల్సో అప్లై ఫిల్టర్ టు మ్యాచింగ్ కాన్వర్జేషన్స్’ అని ఇంకో గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే సర్వర్‌లో ఉన్న పాత మెయిళ్లన్నిటికీ కూడా లేబుల్ పడిపోతుంది. పాత ఫోల్డర్లు మోసే పని సగానికి పైగా దీంతోనే తీరుతుంది. జీమెయిల్‌లో లేబుల్ అంటే థండర్‌బర్డ్‌లో ఫోల్డర్‌గా కనిపించేదే. తెలుగులో పేరు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. పేరు మధ్యలో వాలు గీత మాత్రం పెట్టకండి. ‘రాబడి/ఖర్చు’ అన్నారనుకోండి, ‘రాబడి’ కడుపులో ‘ఖర్చు’ అనే పిల్ల లేబుల్ పుడుతుంది.

మీ వారి వృత్తికి ఒక హెచ్చరిక. థండర్‌బర్డ్‌లో సబ్జెక్ట్ ‘కంటైన్స్’ జీఎస్‌టీ అని పెట్టి ఉంటారు. అక్కడ అది జీఎస్‌టీఆర్, జీఎస్‌టీఐఎన్ అన్న మాటల్ని కూడా పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ మూడక్షరాలూ వాటిలో ఉన్నాయి. జీమెయిల్ పూర్తి మాటనే చూస్తుంది. జీఎస్‌టీ అని ఒక్కటే రాస్తే జీఎస్‌టీఆర్ అని ఉన్న మెయిల్ దాని కంటపడదు. మూడు మాటలూ విడివిడిగా రాసి మధ్యలో OR పెట్టండి. ఈ ఒక్కటి తెలియక రూల్స్ పనిచేయట్లేదని విసుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇదంతా ఫోన్‌లో జీమెయిల్ యాప్‌లో కుదరదు, బ్రౌజర్‌లోనే చేయాలి. అయ్యాక రెండు థండర్‌బర్డ్‌లలోనూ పాత రూల్స్ తీసేయండి. ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఫోల్డర్ కనిపించకపోతే అకౌంట్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘సబ్‌స్క్రైబ్’లో దానికి టిక్ పెట్టండి. ఇంకొక్క మాట. ఇకనుంచి కింద డిలీట్ చేస్తే పైన కూడా పోతుంది. 15 జీబీ జాగా కూడా ఫొటోలతో, డ్రైవ్‌తో కలిపి పంచుకోవాల్సిందే. ఏడాదికోసారి గూగుల్ టేకౌట్‌లో మెయిల్ మొత్తం దించి డిస్క్‌లో పెట్టుకోండి. నా బీరువా చూశాక చెబుతున్న మాట.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను, పని ఇంటికి కూడా తెచ్చుకుంటాను. ఇంట్లో రెండు సిస్టమ్స్, రెండింట్లో పాత ఔట్‌లుక్. ఔట్‌లుక్ మెయిళ్లన్నీ దాచే పీఎస్‌టీ ఫైల్‌ను ఒక సిస్టమ్‌లో షేర్డ్ ఫోల్డర్లో పెట్టి, రెండో దాంట్లోంచి వైఫై మీద అదే ఫైల్ తెరుస్తున్నాను. ఈ మధ్య ఊరికే ఎర్రర్ వస్తోంది. రూల్స్ కూడా రెండో దాంట్లోకి రాలేదు.

జవాబు: తమ్ముడూ, ఇవాళే మానేయండి. పీఎస్‌టీని నెట్‌వర్క్ మీద తెరవొద్దని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెబుతారు. ఆ ఫైల్‌ను ఒక సమయంలో ఒక్కరే తెరవాలి, అదీ సొంత డిస్క్ మీద ఉన్నప్పుడు. ఔట్‌లుక్ అందులో చిన్న చిన్న ముక్కలుగా రాస్తూ ఉంటుంది. మధ్యలో వైఫై ఒక్క క్షణం తెగినా రాత సగంలో ఆగుతుంది. అలా కొన్నాళ్లు సాగితే ఫైల్ పాడవుతుంది. ముందు దాన్ని కాపీ తీసి పెట్టుకుని, ఔట్‌లుక్‌తో పాటే వచ్చే ‘స్కాన్‌పీఎస్‌టీ’తో బాగు చేయించండి.

మా సెంటర్‌కి ఒక లాయరు గారు పాత ఔట్‌లుక్ ఉన్న సీపీయూను రిక్షాలో వేసుకొచ్చారు. 2002 దాకా వచ్చిన ఔట్‌లుక్‌లలో పీఎస్‌టీకి 2 జీబీ హద్దు. ఆయనది సరిగ్గా అక్కడికొచ్చి బిగుసుకుపోయింది. ఎక్కదు, దిగదు. కేసు కాగితాలన్నీ అందులో. ఒక రాత్రంతా కూర్చుని తీశాం. తర్వాత వచ్చినవాటిలో ఆ హద్దు పెరిగింది గానీ, అన్నీ ఒకే ఫైల్లో కుక్కే అలవాటంటే నాకు అప్పటినుంచీ భయం.

మీ మెయిల్ ఇచ్చే కంపెనీ ఐమ్యాప్ ఇస్తుందేమో అడిగి, రెండు సిస్టమ్స్‌లోనూ అలా పెట్టుకోండి. రూల్స్ సంగతి: ‘మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్’లో ‘ఆప్షన్స్’ నొక్కితే ‘ఎక్స్‌పోర్ట్ రూల్స్’ ఉంటుంది. దాంట్లో వచ్చిన ఫైల్‌ను రెండో సిస్టమ్‌లో ‘ఇంపోర్ట్’ చేయండి. వచ్చాక ఒక్కో రూల్ తెరిచి, దాని ఫోల్డర్ దొరక్కపోతే మళ్లీ చూపించాలి. ఒకచోట రూల్ మారిస్తే రెండో చోట దానంతటది మారదు, మళ్లీ మీరే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఇంకో సంగతి, ఆడిటర్ గారి క్లయింట్ల మెయిళ్లు ఇంటి సిస్టమ్‌లో ఉంచుకోవడం ఆయనకి తెలుసా? తెలియకపోతే ఎర్రర్ కంటే అది పెద్ద ఎర్రర్.

ప్రశ్న: ఆంటీ, నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మానాన్న నెల్లూరులో. నా జీమెయిల్ ఫిల్టర్లు చాలా బాగుంటాయని వాటిని ఎక్స్‌పోర్ట్ చేసి నాన్న అకౌంట్‌లో ఇంపోర్ట్ చేశాను. ఇప్పుడు బ్యాంకు ఓటీపీ మెయిళ్లు రావట్లేదని నాన్న రోజూ ఫోన్. అదీ నాకు అర్ధరాత్రి. నేను లాగిన్ అయినప్పుడల్లా నాన్న ఫోన్‌లో ‘మీరేనా’ అని అడుగుతోందట, ఆయన కంగారుపడి ‘నో’ నొక్కేస్తున్నారు.

జవాబు: బాబూ, నాన్నగారు ‘నో’ నొక్కడం నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆయన్ని తిట్టకు.

ఫిల్టర్ల ఎక్స్‌పోర్ట్ మంచి సౌకర్యమే. ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్‌డ్ అడ్రసెస్’ పేజీలో టిక్ పెట్టి ఎక్స్‌పోర్ట్ అంటే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ వస్తుంది, ఇంకో అకౌంట్‌లో ఎక్కించుకోవచ్చు. కానీ నీ చొక్కా నాన్నకి తొడిగావు. బ్యాంకు నుంచి వచ్చేదేదైనా ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా లేబుల్‌లోకి పోవాలని నువ్వు ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’ పెట్టుకుని ఉంటావు. నీకు ఎక్కడ చూడాలో తెలుసు. నాన్నగారికి మెయిల్ అంటే ఇన్‌బాక్స్, అంతే. పైగా ఇన్‌బాక్స్ దాటిపోయిన మెయిల్‌కి ఫోన్ మామూలుగా మోగదు కూడా. ఓటీపీ వచ్చింది, లేబుల్‌లో కూర్చుంది, గడువు అయిపోయింది, ఆయన మాత్రం ఇన్‌బాక్స్ కేసి చూస్తూనే ఉన్నారు.

ఆ అకౌంట్‌లోని ప్రతి ఫిల్టర్‌లోనూ ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’ తీసేయి. లేబుల్ ఉండనీ, రంగు పెట్టు. పెద్దవాళ్లకి మెయిల్ మాయం కాకూడదు, రంగు కనబడితే చాలు. ఇక లాగిన్ బాధకి, నాన్నగారి జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’ కింద ‘గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్’ అని ఉంటుంది. అక్కడ నీ ఐడీ చేరిస్తే నీ పాస్‌వర్డ్‌తోనే ఆయన మెయిళ్లు చూడవచ్చు. ఆయన పాస్‌వర్డ్ నీకు అక్కర్లేదు, దాన్ని మార్చే వీలూ నీకుండదు. నీకొచ్చే మెయిల్‌లో వారంలోపు ఒప్పుకోవాలి, తర్వాత పనిచేయడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. ఇదంతా నెల్లూరులో పొద్దున తొమ్మిదింటప్పుడు, నాన్నగారు కాఫీ తాగాక, వీడియో కాల్‌లో పక్కనుండి చేయించు. అమ్మని కూడా కూర్చోబెట్టు. రెండోసారి చేయాల్సొస్తే ఆవిడే చేస్తుంది, చూస్తూండు.

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది. దాన్నే మెయిల్ సర్వర్‌గా మార్చి ఇంట్లో అందరి ఫోల్డర్లూ రూల్సూ అందులో పెడితే ఎలా ఉంటుంది?

జవాబు: నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పని లేదు. లినక్స్ వేసి డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టు. బయటి మెయిల్‌ను ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రామ్‌తో తెచ్చి అందులో పోసి, ఇంట్లో మిగతా సిస్టమ్స్ అన్నీ 993 పోర్టు మీద ఐమ్యాప్‌తో చూసేలా చేయి. రూల్స్ రాయడానికి సీవ్ అనే చిన్న భాష ఉంది. సీవ్ అంటే మన జల్లెడే. దాని ప్రామాణిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5228, 2008లో వచ్చింది. నాలుగు వరసల్లో రూల్ రాసేయవచ్చు. పంపినవాళ్లు ఫలానా అయితే ఫలానా ఫోల్డర్లో వేయి, అంతే దాని వ్యాకరణం. ఆ భాషలో బయటి ప్రోగ్రామ్‌ను నడిపించడం, ఒకే చోట గిరగిరా తిరగడం (లూప్) కావాలనే లేకుండా చేశారు. ఎవరో పిచ్చి రూల్ రాస్తే సర్వర్ మునిగిపోకూడదు కదా. జీమెయిల్‌లో సీవ్ లేదు, అందుకే ఇది రుచి చూడాలంటే సొంత సర్వర్ మంచి దారి.

రౌటర్‌లో బయటికి పోర్టులు మాత్రం తెరవకు. మీ నాన్నగారి మెయిల్‌ను మొదటి ఏడాది దీని మీద పెట్టకు. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో, ఇన్వర్టర్ మీద ఫ్యానా సర్వరా అంటే అమ్మ దేన్ని ఆపుతుందో నీకు తెలుసు.

ప్రశ్న: ఒంగోలు నుంచి. మేం ఐమ్యాప్‌లోకి మారి మూడు నెలలైంది. ఫోల్డర్లన్నీ రెండు సిస్టమ్స్‌లో చక్కగా కలిశాయి. కానీ నేను ఒక మెయిల్ తెరిచి చూశానంటే మా ఆయనకి అది చదివేసినట్టు కనిపిస్తోంది. నేను చూసుకున్నాననుకుని ఆయన వదిలేస్తున్నారు, ఆయన చూసుకుంటారని నేను వదిలేస్తున్నాను. ఇంటి పన్ను అలాగే ఆలస్యమైంది.

జవాబు: అన్నీ ఒకటైనప్పుడు ఇదీ ఒకటవుతుంది. చదివిన గుర్తు ఉండేది సర్వర్ దగ్గరే, ఎవరు తెరిచారన్నది దానికి పట్టదు. అందుకే లావుపాటి అక్షరాలు చూసి పని ఉందో లేదో తేల్చకండి. చేయాల్సిన పని ఉన్న మెయిల్‌కి స్టార్ పెట్టండి. జీమెయిల్‌లో పెట్టిన స్టార్ థండర్‌బర్డ్‌లో కూడా స్టార్‌గానే వస్తుంది, అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. పని చేసినవాళ్లే స్టార్ తీయాలి, చూసినవాళ్లు తీయకూడదు. ఇద్దరూ దీనికి ఒప్పుకోవాలి.

మా ఇంట్లోనూ ఇదే ఒప్పందం. స్టార్లు పెట్టడం మా ఆయనకి బాగా వచ్చింది, తీయడమే ఇంకా రాలేదు. మొన్న లెక్కపెడితే 212 ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది 2019లో గ్యాస్ బండ బుక్ చేసిన మెయిల్.